నిగ్రహము – విశ్వాసము: మిషెల్ సిద్ధాంత విమర్శనము

మనుష్యుని శీలము స్థిరమైన గుణసముదాయమా, సందర్భమును బట్టి మాఱు ప్రవృత్తియా యను ప్రశ్న సాహిత్యమీమాంసకులకుఁ గ్రొత్తది కాదు. ఆలంకారికులు నాయకులను ధీరోదాత్తాది భేదములచే నాలుగు తెగలుగ విభజించిరి. లోకోక్తులు మాత్ర మిట్టి విభాగమునకు లొంగవు. “నిదానమే ప్రధానము” అన్న జనులే “ఆలస్యము అమృతము విషము” అనియు ననిరి. వాల్టర్ మిషెల్ అను మనశ్శాస్త్రజ్ఞుఁడు జీవితమెల్ల వెచ్చించి పరిశోధించిన విషయ మిదియే.

ఈయన 1930లో వియన్నా నగరమున జనించి, బాల్యముననే అమెరికా చేరి, 2018లో గతించెను. 1968లో వెలువడిన “పర్సనాలిటీ అండ్ అసెస్‌మెంట్” అను గ్రంథమున, ఒకచోటఁ గనఁబడిన గుణమును బట్టి వేఱొకచోటి నడవడిని నిశ్చయించుట దుర్బలమైన యనుమానమని వాదించెను. తరువాత షోడా మొదలగు వారితోఁ గూడి, “ఇట్లయినచో నిట్లు చేయును” అను సందర్భనియమములే వ్యక్తి శీలమునకు గుఱుతులని నిరూపింపఁ జూచెను.

ఆయనకుఁ గీర్తి దెచ్చినది మాత్రము స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు బింగ్ శిశుపాఠశాలలో 1960ల చివర నారంభమైన మిఠాయి పరీక్ష. శిశువు ముందొక మిఠాయి నుంచి, వెంటనే తినవచ్చుననియు, పరీక్షకుఁడు మరలివచ్చు వఱకు నోర్చినచో రెండు లభించుననియుఁ జెప్పుదురు. ఓర్చిన శిశువులు మిఠాయితోఁ బోరాడలేదు. కొందఱు కన్నులు మూసికొనిరి, కొందఱు పాడుకొనిరి. మిఠాయిని తెల్లని మేఘముగ భావింపుమని చెప్పినపుడు నిరీక్షణ సుకరమయ్యెను. ఇంద్రియములను విషయములనుండి మరల్చు ప్రత్యాహారము నెఱిఁగిన మనకీ ఫలితము పరిచితమే. కాని దానిని పసివారికిని నేర్పవచ్చునని ప్రయోగముచేఁ జూపుట మిషెల్ ఘనత.

ఓర్చిన శిశువులు పెరిగి చదువునందు మేలుగ నుండిరని పిదపఁ బ్రకటింపఁబడెను. అంతట లోకులు నిగ్రహము పుట్టుకతో వచ్చు గుణమనియు, మిఠాయి దాని కొలబద్ద యనియుఁ దలఁచిరి. స్థిరగుణవాదమును ఖండించిన పండితుని పరీక్షయే స్థిరగుణవాదమునకు సాక్ష్యమగుట వింత. 2014లో వెలువడిన “ది మార్ష్‌మాలో టెస్ట్” అను గ్రంథమున మిషెల్ ఈ భ్రమను వారించెను గాని, ఆ పేరే భ్రమను బెంచినది.

పరీక్షలోని మఱుఁగుపడిన యంశము మాట యిచ్చువాని విశ్వసనీయత. 2013లో కిడ్ మొదలగువారు ఇరువదియెనిమిదిమంది శిశువులను బరీక్షించిరి. పరీక్షకుఁడు ముందు మాట నిలుపుకొన్నచోట శిశువులు సగటున 12 నిమిషములకుఁ బైఁగా నోర్చిరి. మాట తప్పినచోట 3 నిమిషములే. 2018లో వాట్స్, డంకన్, క్వాన్ అనువారు తొమ్మిదివందలకుఁ బైఁబడిన శిశువుల వృత్తాంతమును బరిశీలించి, కుటుంబస్థితి మొదలగువానిని లెక్కకుఁ దెచ్చినచో నోర్పునకును, తరువాతి చదువునకును గల సంబంధము మిక్కిలి తగ్గునని చూపిరి. తండ్రి యింటలేని పిల్లలు వెంటనే దొరకు చిన్న బహుమానమునే యెక్కువగఁ గోరిరని మిషెల్ తానే 1958లో ట్రినిడాడ్ పరిశోధనమునఁ దెలిపియుండెను. సందిగ్ధమైన రేపటి ఫలముకంటె నిశ్చితమైన నేఁటి స్వల్పఫలము మేలను లౌకాయతికుల మతమును వాత్స్యాయనుఁడు పూర్వపక్షముగ నుంచెను. మాట నిలువని లోకమున నది పూర్వపక్షముగా నిలువక సిద్ధాంతమే యగును.

షాద్‌నగరు ప్రాంతపు మెట్టనేలల పిల్లలకుఁ జదువు చెప్పు పండితులీ విషయమును ప్రత్యేకముగ నాలోచింపవలెను. కఱవునాఁడును విత్తుగింజలను వండుకొనక దాఁచిన రైతునకు నిగ్రహము లేదనఁగలవాఁ డెవఁడు? వానలు తప్పిన యేఁట ముందుగ సొమ్ము పుచ్చుకొని, మేస్త్రి వెంట దూరదేశములకుఁ బోయి ఆనకట్టలు గట్టిన పాలమూరు కూలీలును ఆ రైతుల కుటుంబములవారే. విత్తు దాఁచిన చేయియే ముందు సొమ్మును బట్టినది. శీలము మాఱలేదు, నమ్మఁదగినది మాఱినది.

నచికేతుఁడు ప్రేయస్సును విడిచి శ్రేయస్సును గోరెను. అతని నిగ్రహము వంద్యమే. కాని యతనికి వరమిచ్చినవాఁడు మాట తప్పని యముఁడని మఱువరాదు. రేపిత్తునన్న బహుమానమును నమ్మని బాలుని చపలుఁడని నిందించుటకు ముందు, వానికిఁ జెప్పిన మాటలెన్ని నిలిచినవో విచారించుట గురువునకు ధర్మము. నీతిపద్యము బాలునకు నోర్పు నేర్పును; ఆ యోర్పునకు ఫలము గలదని చూపవలసినది పెద్దల నడవడియే.