గాలికి గడప

మా తమ్ముడు బర్మింగ్‌హామ్‌లో అద్దెకుంటున్నది వందేళ్ళు దాటిన ఎర్రిటుకల ఇల్లు. వీధి తలుపు మూసే ఉంటుంది, అయినా హాల్లో కర్టెన్ అంచు ఊగుతూనే ఉంటుంది. హీటర్ ఎంత పెంచినా పాదాలకు చలే. పోయిన జనవరిలో నేనక్కడుండగా, పక్కింటి పెద్దాయన, వడ్రంగం చేసి రిటైరైన మనిషి, ఒక శనివారం వచ్చి ఆ తలుపు సంగతి చూశాడు. నేను మెట్ల మీద కూర్చుని ఆయన పని చూశాను.

ముందు అగరుబత్తి అడిగాడు. వెలిగించి తలుపు చుట్టూ నెమ్మదిగా తిప్పాడు. నిట్టనిలువుగా లేస్తున్న పొగ కింది అంచు దగ్గరికి రాగానే ఒక్కసారి లోపలికి వాలిపోయింది. ఇంట్లో వేడిగాలి పైకెక్కి పై అంతస్తు సందుల్లోంచి జారిపోతుంది, ఆ వెలితి పూడ్చడానికి బయటి చలిగాలి కిందినుంచి దూరుతుంది. తలుపు వెడల్పు 838 మిల్లీమీటర్లు, కింది సందు 6. లెక్కేస్తే 50 చదరపు సెంటీమీటర్లు. అంటే తలుపుకి మంచినీళ్ళ గ్లాసు మూతంత చిల్లు పెట్టి వదిలేసినట్టు!

చుట్టూ సందుల్ని కొలిచిన తీరు నాకు మరీ నచ్చింది. చపాతీ పిండి చిన్న ఉండలు చేసి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, ద్వారబంధానికి అక్కడక్కడా అంటించి తలుపు మూశాడు. తెరిచాక నలిగిన ఉండల మందం కొలిచాడు. తాళం వైపు 3 మిల్లీమీటర్లు, బందుల వైపు 5. రబ్బరు టేపు దాన్నిబట్టే ఎంచాలి. అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు ‘ఈ’ అక్షరంలా గాళ్ళున్నది సన్న సందుకి, ‘పి’ అక్షరంలా బోలుగా ఉన్నది పెద్ద సందుకి. మందం ఎక్కువైతే తలుపు గడియ పడదు, తక్కువైతే గాలి ఆగదు. అంటించే ముందు చెక్కను తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాడు. తాళం వైపూ పైనా, తలుపు వచ్చి ఆనే అంచు మీద అతికించాడు. బందుల వైపు మాత్రం చోటు మార్చి, తలుపు పక్క అంచు వచ్చి నొక్కేచోట పెట్టాడు. తలుపు టేపుని ఒరుసుకుంటూ వస్తే నాలుగు నెలల్లో ఊడొస్తుందట.

ఇక కింది సందు. పాత పెంకుటిళ్ళలో ఎత్తైన గడప, దాని వెనక్కి వచ్చి ఆనే తలుపు రెక్కలు ఈ పనిని చడీచప్పుడూ లేకుండా చేసేవి. ఇప్పటి మన గదులకు గడపే లేదు, ఏసీ చల్లదనం తలుపు కిందనుంచే పోతుంది. తమ్ముడి తలుపుకి దాని బదులు కుచ్చు పట్టీ. సన్నటి నైలాన్ పోగుల్ని తీగ మీద మడిచి, లోహపు గాడిలో నొక్కి బిగించి, అల్యూమినియం పట్టీలో దూరుస్తారు. పోగులు గాలిని గోడలా అడ్డుకోవు. వందల పోగుల మధ్య దారి వెతుక్కుంటూ గాలి నీరసించిపోతుంది. హాల్లో పాత టైల్స్ ఎగుడుదిగుడుగా ఉన్నా, పోగు దేనికది వంగి సర్దుకుంటుంది. రబ్బరు పట్టీ అయితే ఎత్తుగా ఉన్న టైలు దగ్గర పట్టేసేది.

కొన్న పట్టీ 914 మిల్లీమీటర్లు. కుచ్చును పక్కకు జరిపి పట్టీని ఆక్సా బ్లేడుతో కోసి, కుచ్చు జారిపోకుండా చివర పటకారుతో చిన్న నొక్కు నొక్కాడు. తలుపుకున్న ఉత్తరాల సందుకి ఎదురెదురుగా రెండు వరసల కుచ్చు, తాళం కన్నానికి వేలాడే రేకు మూత, ఇవి పావుగంట పని. అన్నీ కలిపి 30 పౌండ్ల లోపే. వంటగదీ బాత్రూమూ గాలికంతల జోలికి మాత్రం పోలేదు. చెమ్మ బయటికి పోవాలి, గ్యాస్ మండేచోట గాలి ఆడాలి.

పట్టీ బిగించేటప్పుడు ఒకటి గమనించాను. మరలు దూరే రంధ్రాలు గుండ్రంగా లేవు, నిలువుగా కోలగా ఉన్నాయి. ఆయన మరలన్నిటినీ ఆ రంధ్రాల కింది కొస దగ్గరే బిగించాడు. ఎందుకని అడిగితే స్క్రూడ్రైవర్‌తో ఒక మర వదులు చేసి, పట్టీని కిందికి జరిపి చూపించాడు. రెండు మూడేళ్ళకు కుచ్చు అరిగితే అంతమేర దించుకోవచ్చు. మళ్ళీ పైకి జరిపి బిగించి, అరచేతిలో మిగిలిన పిండి ఉండను తమ్ముడి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.