వెబ్‌సైట్‌లో సమాచార అమరిక: పదిహేడు అంశాల జాబితా

ఏదైనా ప్రభుత్వ శాఖ వెబ్‌సైట్ తెరిచి 'సమాచార హక్కు' అన్న చోట నొక్కి చూడండి. చాలావాటిలో పదిహేడు అంశాల జాబితా ఒకటి కనిపిస్తుంది. ఎవరూ అడగకముందే ప్రతి ప్రభుత్వ సంస్థ వెల్లడించవలసిన వివరాలను సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(బి) ఇలా 17 అంశాలుగా పేర్కొంది.

చట్టం చెప్పింది ఏమేమి వెల్లడించాలన్నది మాత్రమే. వెబ్‌సైట్‌లో వాటిని అదే వరుసలో పేర్చమని చెప్పలేదు. ఈ తేడాను పట్టించుకోని సంస్థలు చట్టంలోని క్రమాన్నే తమ సమాచార అమరికగా తీసుకున్నాయి. ఫలితం ఎలా ఉంటుందో గమనించండి. బిందుసేద్యం పరికరాలకు సబ్సిడీ రాని ఒక రైతు, కారణమేమిటో, ఎవరిని అడగాలో తెలుసుకోవాలనుకున్నాడు అనుకుందాం. పథకం అమలు తీరు, లబ్ధిదారుల వివరాలు 12వ అంశంలో ఉంటాయి. అధికారుల అధికారాలు, విధులు 2వ అంశంలో, నిర్ణయం ఏయే అంచెల మీదుగా సాగుతుందో 3వ అంశంలో, ఆ అధికారుల డైరెక్టరీ 9వ అంశంలో ఉంటాయి. రైతుది ఒక్కటే ప్రశ్న. జవాబు మాత్రం నాలుగు పీడీఎఫ్‌లలో చెదిరి ఉంది. అవి స్కాన్ చేసిన కాగితాలైతే (తరచుగా అంతే) సెర్చ్‌లో కూడా దొరకకపోవచ్చు.

బ్రిటన్ ప్రభుత్వం 2012 అక్టోబరులో డైరెక్ట్‌గవ్, బిజినెస్ లింక్ అనే పాత వెబ్‌సైట్ల స్థానంలో గవ్‌డాట్‌యూకేను ప్రారంభించింది. అక్కడ శాఖ పేరు తెలియకపోయినా, పని పేరుతో వెతుక్కోవచ్చు.

అలాగని మన జాబితా పనికిరానిదని మీరు భావించకూడదు. ఏ శాఖ ఏ వివరం దాచిందో కనిపెట్టాలనుకునే విలేకరికి, పరిశోధకుడికి ఈ వరుసే అనుకూలం. ఖాళీగా ఉన్న అంశం వెంటనే కంటపడుతుంది. లోపం జాబితాలో లేదు, దానినొక్కదానినే దారిగా ఉంచడంలో ఉంది. గ్రంథాలయంలో ఒక పుస్తక ప్రతిని ఒకే అరలో పెట్టగలం. ఒకే విషయాన్ని పలు ముఖాల నుంచి చూడవచ్చని ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో వెలువరించిన కోలన్ వర్గీకరణ చూపింది. వెబ్‌సైట్‌కు అర పరిమితి కూడా లేదు. ఒకే పత్రానికి చట్టం వరుస నుంచి ఒక దారి, రైతు ప్రశ్న నుంచి మరో దారి వేయవచ్చు. స్థానిక భాషను దృష్టిలో ఉంచుకోవాలని సెక్షన్ 4(4) చెబుతోంది కనుక ఆ రెండో దారి తెలుగులో ఉండాలి.

అభ్యాసం: మీ జిల్లాలోని ఒక శాఖ వెబ్‌సైట్‌లో పౌర సమాచార అధికారి ఫోన్ నంబరు వెతకండి. ఎన్ని పేజీలు దాటారో రాసుకోండి.