గేటు దాకా వచ్చే ప్రేమ

నల్లగొండలో మా అక్కవాళ్ల వీధిలోకి పొద్దున ఏడింటికి చెత్తబండి వస్తుంది. తడి చెత్త, పొడి చెత్త పాట మలుపులో వినపడగానే మా అక్క కొడుకు నోట్లో బ్రష్షుతోనే గేటు దగ్గరికి ఉరుకుతాడు. వాడికి మూడున్నరేళ్లు. బండి నడిపే మామంటే వాడికి ఇష్టం. వెనకాల నిలబడి బకెట్లు అందుకునే ఆమె అంటే ఇంకా ఇష్టం. "ఏం కొడుకా, పండ్లు తోముకున్నవా?" అంటుందామె. వాడు నోరంతా తెరిచి చూపిస్తాడు. పెద్దయినంక ఏమైతవురా అని ఎవరో అడిగితే చెత్తబండి నడుపుత అన్నాడు. ఇంట్లో అందరం నవ్వాం. మా అక్క అత్తగారు మాత్రం నవ్వలేదు. "ఇగ దా, చేతులు కడుక్కో" అంది. వాడు చెత్త ముట్టుకోలేదు.

ఆ చేతులు కడిగించడం చూశాకే సాహిత్యంలో ఈ ప్రేమ ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టాను. సఫాయి పనివాళ్లు మన కథల్లో జాలికి పాత్రులుగా, సంస్కరణకు సాక్ష్యంగా, కొన్నిసార్లు తిరగబడే మనుషులుగా వచ్చారు. వాళ్లను చూడగానే మొహం వెలిగిపోయే పసిపిల్ల కళ్లలోంచి మాత్రం నేను చదివినంతలో చాలా అరుదుగా కనిపించారు.

ముల్క్‌రాజ్ ఆనంద్ 'అన్‌టచబుల్' (1935) గురించి రాసేవాళ్లు బజారులో బఖా తిన్న చెంపదెబ్బ దగ్గర, చివర్లో వచ్చే మూడు పరిష్కారాల దగ్గర ఆగుతారు. హాకీ ఆట తర్వాతి సన్నివేశాన్ని తొందరగా దాటేస్తారు. రాళ్లదెబ్బ తగిలి పడిపోయిన చిన్న పిల్లవాణ్ణి బఖా ఎత్తుకుని ఇంటికి తెస్తాడు. తల్లి బిడ్డకు తగిలిన దెబ్బ కన్నా ముందు మైలని చూస్తుంది, బఖాని తిడుతుంది. స్త్రీవాదులం ఆగాల్సింది ఇక్కడేనని నాకనిపిస్తుంది. ఆ క్షణంలో హద్దు గీసింది గుళ్లో పూజారి కాదు, ఒక తల్లి. ఇంటి శుద్ధిని ఆడవాళ్ల నెత్తిన పెట్టిన వ్యవస్థ, ఆ ఇంట్లో ఆమె విలువని కూడా ఆ శుద్ధికే కట్టేసింది. ఇది ఆమెను వెనకేసుకురావడానికి చెప్పడం లేదు. పితృస్వామ్యం మనకిచ్చిన చిన్న అధికారాల్లో గేటు దగ్గరి అధికారం ఒకటి. దాన్ని మనం బాగానే వాడుకున్నాం.

టాగూర్ 'కాబూలీవాలా' (1892)లో మినీ మొదట రహమత్ సంచీని చూసి భయపడుతుంది, అందులో పిల్లలున్నారని. మన బూచోడి సంచీ కూడా అదే. తర్వాత ఇద్దరికీ స్నేహం కుదురుతుంది. అక్కడా అనుమానపడేది తల్లే. అయితే టాగూర్ ఒక పని చేశాడు. రహమత్ గుండెలో దాచుకున్న కాగితం మీద అతని సొంత కూతురి చేతిముద్ర చూపించాడు. ఆ ప్రేమకు అవతల ఇంకో పాప ఉందని అప్పుడు తెలుస్తుంది. మన వీధి పిల్లల ముచ్చట చెప్పేటప్పుడు చెత్తబండి ఆమె పిల్లలు ఎవరికీ గుర్తురారు.

పిల్లలకు నచ్చేది బండేగాని మనిషి కాదు కదా అని ఒక సెమినార్‌లో ఎవరో అన్నారు. అమెరికా బొమ్మల పుస్తకాల్లో అది నిజమే కావచ్చు. 'ఐ స్టింక్!' (2002)లో చెత్త లారీయే తన కథ తాను చెప్పుకుంటుంది. అంతకుముందు వచ్చిన 'ట్రాషీ టౌన్' (1999)లో నయం, మిస్టర్ గిల్లీ అని మనిషికి పేరూ గౌరవమూ ఉన్నాయి. కానీ నా చిన్నప్పుడు మహబూబ్‌నగర్‌లో పాటా లేదు, మోటారూ లేదు. చీపురు, రేకు తోపుడుబండి, ఒకామె. నేను ఆమె వెంట వీధి చివరిదాకా పోయేదాన్నట. ఆమె మంచినీళ్లడిగితే మా అమ్మ చెంబు పైకెత్తి దోసిట్లో పోసేది. మాది బీసీ కుటుంబం. మాకూ కొన్ని ఇళ్లల్లో నీళ్లు అట్లాగే పోసేవాళ్లు. ఆమె వెంట పోవడం నేనెప్పుడు మానేశానో గుర్తులేదు. ఎవరైనా మాన్పించినట్టు కూడా గుర్తులేదు. అక్షరాలు ఎవరు నేర్పారో గుర్తుంది, ఇది మాత్రం లేదు.

బళ్లో 'మన సహాయకులు' పాఠం వచ్చేసరికి పిల్లలు ఈ చదువు పూర్తి చేసి ఉంటారు. పోస్ట్‌మన్, డాక్టర్, ఊడ్చే మనిషి వరసగా నిలబడి ఉంటే అందరికీ ఒకే థాంక్స్. 2008లో వచ్చిన ఎన్సీఈఆర్టీ ఐదో తరగతి పరిసరాల పుస్తకం 'ఈ పని ఎవరు చేస్తారు?' అనే పాఠంలో కులం ప్రశ్న సూటిగానే అడిగింది. మంచి పాఠం. అయితే అప్పటికి పిల్లలకు పదేళ్లు.

అవతలి పిల్లల్ని చూపించింది దళిత రచయితలు, రచయిత్రులే. తకళి 'తోట్టియుడె మగన్' (1947)లో తండ్రి తన కొడుక్కి మోహనన్ అని పేరు పెట్టుకుంటే ఊరు వెక్కిరిస్తుంది. తకళి దళితుడు కాడు, ఆయన్ని మినహాయింపుగానే చెప్పుకోవాలి. అన్వేషి 2008లో తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' పుస్తకాల్లో గోగు శ్యామల రాసిన తాటకి, తెల్లవారకముందే పొలం పనికి పోయే దళిత పిల్ల. ఆ పొద్దున వేళ మన పిల్లలు పక్కల మీద ఉంటారు. ఆమెను ఎవరో ముద్దు చేయాలని శ్యామల రాయలేదు. పోట్లాడి గెలిచే పిల్లగా రాసింది. నాకు ఆ పుస్తకం అందుకే ఇష్టం.

2023 జులైలో గ్రామ పంచాయతీ కార్మికులు రాష్ట్రమంతటా సమ్మె చేసినప్పుడు మా అమ్మమ్మ ఊళ్లో ఉన్నాను. అప్పటికి వాళ్ల నెల జీతం పది వేలు కూడా లేదు. పల్లె ప్రగతి కింద వచ్చిన ట్రాక్టరు పంచాయతీ ముందు ఆగిపోయింది. పెద్దవాళ్లంతా వాసన గురించి మాట్లాడారు. పక్కింటి నాలుగేళ్ల పిల్ల మాత్రం, "ట్రాక్టరామెకు జరమొచ్చిందా?" అనడిగింది. ఆమె గురించి నేను విన్న ఒకే ఒక్క ప్రశ్న అది.

నల్లగొండకు తిరిగొచ్చాక బండి ఆమెతో ఒకరోజు కాసేపు మాట్లాడాను. "మీ పిలగాడు నన్ను చూసి నవ్వుతడు, మంచిగనే ఉంటది. నా బిడ్డ లేవకముందే నేను డ్యూటీకొస్త. నేనేం పని చేస్తనో బళ్లె చెప్పొద్దని పంతం పట్టింది" అంది. పేరడిగితే చెప్పింది. ఆమెను అడగకుండా ఇక్కడ రాయడం న్యాయం కాదు.

మావాడు డ్రైవర్‌ని మామ అంటాడు, ఆమెను మాత్రం చెత్తామె అంటాడు. పెద్దమ్మా అని పిలవమని నేర్పాను. "ఊకె వరసలు కలుపుడెందుకు?" అని అక్క అత్తగారు గొణిగింది. మర్నాడు వాడు గేటు పట్టుకుని ఊగుతూ పెద్దమ్మా అని వీధంతా వినపడేటట్టు అరిచాడు. ఆమె నవ్వింది. బకెట్ బోర్లించి తట్టి, నా చేతికిస్తూ అంది: "పెద్దమ్మనా? అయితే మీ ఇంట్లకు రావొచ్చా మరి?"

నేను తలుపు వైపు చూశాను. ఆమె అప్పటికే పక్కింటి బకెట్ అందుకుంది.