ఏడు రోజుల్లో పన్నెండు స్కంధాలు

డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడది. మధ్యలో ఆదివారాలకి ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉండనే ఉంది. పుస్తకాలు కొనడానికి మనకి సందర్భాల లోటు లేదు. కొన్నవి బీరువా నిండాక టీవీ స్టాండు మీదికి, అక్కణ్ణించి మంచం కిందికి, ఇల్లు మారినప్పుడు అట్టపెట్టెల్లో అటక మీదికి చేరతాయి. యజమానిని అడిగితే 'టైము ఎక్కడిదండీ' అంటాడు, లేదంటే 'రిటైరయ్యాక తీరిగ్గా' అంటాడు. జనవరి ఒకటిన మాత్రం ఈ ఏడాది యాభై పుస్తకాలు చదివి తీరాలని ఒట్టు పెట్టుకుంటాడు. శివరాత్రి దాకా ఆ ఒట్టు నిలిస్తే గొప్పే. చదివే అలవాటు ఎలా చేసుకోవాలో చెప్పే పుస్తకాలూ ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి కూడా ఆ పెట్టెల్లోనే ఉన్నాయి.

ఈ పోగును కరిగించే విద్య ఒకటి మన ఇళ్లలో ఎప్పట్నించో ఉంది. దాన్ని చదువు కింద ఎవరూ లెక్కవెయ్యలేదు, పూజ కింద జమకట్టేశారు. పారాయణ సంగతి చెబుతున్నాను. పుణ్యం మాట కాసేపు పక్కన పెట్టి పనితనంగా చూస్తే, వేల శ్లోకాల గ్రంథాన్ని ఫలానా రోజున మొదలుపెట్టి ఫలానా రోజున ముగించడానికి తరతరాలుగా సానపట్టిన పద్ధతి అది. భాగవతానికి సప్తాహం, రామాయణానికి నవాహం, కార్తీకపురాణానికి నెల. పుస్తకం లావు చూసి జడవడం ఉండదు. ముందు రోజులు ఖాయం చేసుకుంటారు, తర్వాత పుస్తకాన్ని వాటికి పంచుతారు.

సప్తాహం ఎలా జరపాలో పద్మపురాణంలోని భాగవత మాహాత్మ్యం చెబుతుంది. అందులో ధుంధుకారి కథ ఒకటి. దుర్మార్గంగా బతికి ప్రేతమైన ఇతని కోసం సోదరుడు గోకర్ణుడు సప్తాహం చేస్తాడు. కూచుని వినడానికి ప్రేతానికి ఒళ్లు లేదు కనక ఏడు కణుపుల వెదురులో దూరి వింటుంది. ఆ రోజు కథ ముగిసేసరికి ఒక కణుపు పగులుతుంది. ఏడో రోజుకి ఏడూ పగిలి ధుంధుకారి బయటపడతాడు. ఎంత అయిందో, ఎంత మిగిలిందో సభలో అందరికీ తెలిసేలా ఇంత చక్కటి ఏర్పాటు నేనింకెక్కడా చూడలేదు.

ఏడు రోజులే ఎందుకంటే, పరీక్షిత్తుకి ఉన్నవి అన్నే. శృంగి శాపం పెట్టాడు, తక్షకుడు కాటేస్తాడు, గడువు వారం. రిటైరయ్యాక విందామని ఆ రాజు అనలేడు.

ఇక పంపకం. మొదటి రోజు మూడో స్కంధంలో మను కర్దమ సంవాదం దాకా. రెండో రోజు ఐదో స్కంధంలో భరతుడి కథ దాకా. మూడో రోజుకి ఏడో స్కంధం పూర్తి. నాలుగో రోజు కృష్ణుడు పుట్టేదాకా, ఐదో రోజు రుక్మిణి పెళ్లి దాకా, ఆరో రోజు పదకొండో స్కంధంలో హంస చెప్పిన బోధ దాకా. మిగిలింది ఏడో రోజు.

దీన్ని అధ్యాయాల లెక్కలోకి మార్చి చూస్తే తమాషాగా ఉంటుంది. భాగవతంలో 335 అధ్యాయాలు. సమంగా పంచితే రోజుకి నలభై ఎనిమిది పడాలి. పంచినవాళ్లు అలా పంచలేదు. మొదటి ఆరు రోజుల్లో సుమారు నలభై ఆరు నుంచి యాభై ఆరు దాకా హెచ్చుతగ్గులుగా పడతాయి. చివరి రోజుకి మిగిలేవి 31. ఆ రోజు పూజలుంటాయి, సత్కారాలుంటాయి, సంతర్పణ ఉంటుంది. ఎక్కడైనా వెనకబడి ఉంటే సర్దుకోడానికి సందూ ఉంటుంది. గడువు చివరి రోజుకి పనంతా కుప్పపోసే మన ఆఫీసులవాళ్లు ఈ ఒక్క సంగతి కోసమైనా సప్తాహం చూడొచ్చు.

అంతకన్నా తెలివి ఆపే చోట్లలో ఉంది. ఈ విరామాల్లో స్కంధం ముగింపు మీద పడేవి రెండే, మూడో రోజుదీ ఏడో రోజుదీ. తక్కినవన్నీ స్కంధం నడిమధ్యలో పడతాయి. తొంభై అధ్యాయాల దశమ స్కంధాన్ని మూడో అధ్యాయం దగ్గర తుంచేశారు. చెరసాలలో పిల్లవాడు పుట్టాడు, వసుదేవుడు యమున దాటించి వచ్చాడు, ఇక రేపు. ఆ రేపు వచ్చినవాణ్ణి యాభై నాలుగో అధ్యాయం దాకా, పెళ్లి అయ్యేదాకా వదలరు. సప్తాహాలు జరిగేచోట ఆ రోజుల్లో ఉయ్యాల కట్టడం, కల్యాణం జరపడం ఇందుకే కుదిరింది. గ్రంథం ఎక్కడ విరిగిందన్నది కాదు, వినేవాడు మర్నాడు మళ్లీ వస్తాడా అన్నది చూసి పెట్టిన విరామాలివి.

మనమో, నిద్ర ఎక్కడ ముంచుకొస్తే అక్కడ పేజీ మడతపెడతాం. మర్నాడు తెరిస్తే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియదు. రెండు పేజీలు వెనక్కి వెళ్తాం, విసుగొస్తుంది, మూసేస్తాం. లావుపాటి నవలలు ముప్ఫయ్యో పేజీ దగ్గర చచ్చిపోయేది కష్టమై కాదు, ఆపకూడని చోట ఆపడం వల్ల. కొత్త పుస్తకం మొదలుపెట్టే ముందు ఓ అరగంట దాన్ని తిరగేసి, ఎక్కడెక్కడ ఆగాలో పెన్సిలుతో గీత పెట్టుకుంటే సగం యుద్ధం గెలిచినట్టే.

ఈ మెలకువ ఒక్క భాగవతానికే పరిమితం కాదు. దేవీ మాహాత్మ్యం పదమూడు అధ్యాయాలు. ఏడు రోజుల్లో చదివే క్రమంలో రోజుకి ఎన్నంటే ఒకటి, రెండు, ఒకటి, నాలుగు, రెండు, ఒకటి, రెండు. నాలుగో రోజు ఏకంగా నాలుగు ఎందుకు? శుంభ నిశుంభుల కథ మొదలై, ధూమ్రలోచనుడు పోయి, చండముండులు పోయి, రక్తబీజుడు పడేదాకా ఆపడానికి వీల్లేదు గనక. బొట్టు బొట్టుకో రాక్షసుడు లేస్తుంటే పుస్తకం మూసి ఎవరు పడుకుంటారు? పొరపాటున అధ్యాయం మధ్యలో ఆపితే మళ్లీ ఆ అధ్యాయం మొదటికి రావాలన్న నియమం కూడా పెట్టుకున్నారు. తులసీదాసు రామచరితమానస్‌ని గీతా ప్రెస్‌వాళ్లు అచ్చువేసినప్పుడు తొమ్మిది రోజుల పారాయణకి ఎక్కడ ఆగాలో, నెల రోజులదానికి ఎక్కడ ఆగాలో రెండూ పాఠంలోనే వేశారు. ఒకే పుస్తకంలో తొందరవాడికో దారి, నింపాదివాడికో దారి. నవలల ప్రచురణకర్తలెవరికీ ఈ ఊహ ఎందుకు రాలేదో!

వేళ గురించీ భాగవత మాహాత్మ్యం స్పష్టంగానే ఉంది. సూర్యోదయం నుంచి మూడున్నర జాములు చదవాలి, మధ్యాహ్నం రెండు ఘడియలు ఆపాలి. అంటే పదిన్నర గంటలు, మధ్యలో నలభై ఎనిమిది నిమిషాల విరామం. ఉద్యోగస్తుడికి ఇది పనికిరాదు, సరే. కానీ తిండి గురించి అన్నమాట చూడండి. ఉపవాసం ఉంటే మంచిదే, అయితే ఆ ఉపవాసం వల్ల కథ మీద దృష్టి చెదిరేట్టుంటే భోజనం చెయ్యడమే మేలంటుంది. నియమం చదువు కోసం, చదువు నియమం కోసం కాదని ఇంత సూటిగా చెప్పిన శాస్త్రగ్రంథం మీద నాకు గౌరవం పెరిగింది. రోజుకి ఇన్ని పేజీలు చదివి తీరాలని పట్టుబట్టి, ఆ పేజీలు కళ్లతో తోసేసేవాళ్లు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి.

అదే విధిలో ఇంకో ఏర్పాటుంది. చదివేవాడి పక్కన అంతటి పండితుణ్ణే మరొకణ్ణి కూచోబెట్టాలట, వినేవాళ్ల సందేహాలు తీర్చడానికి. ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. భాగవతం పద్దెనిమిది వేల శ్లోకాలని ప్రసిద్ధి. ఏడు రోజుల మీద వేస్తే నిమిషానికి నాలుగు శ్లోకాలు దాటుతాయి. ఆ పరుగులో ఎవడికైనా సగం అర్థమైతే గొప్ప. ఇప్పటి సప్తాహాల్లో పొద్దున్న మూలపారాయణ ఒకరు చేసుకుపోతారు, సాయంత్రం ప్రవచనం ఇంకొకరు చెబుతారు. ఒకరిది పూర్తిచేసే పని, ఇంకొకరిది అరిగించే పని. రెంటినీ ఒకే గంటలో, ఒకే మనిషి చెయ్యాలనుకోవడమే మన ఇబ్బంది. మొదటిసారి చకచకా సాగిపోవచ్చు. అర్థం కానిచోట చుక్క పెట్టి, ఆదివారం సాయంత్రం ఆ చుక్కల దగ్గరికి తిరిగి రావచ్చు, వీలైతే తెలిసినవాళ్లని పక్కన పెట్టుకుని.

పారాయణకి గొంతు కావాలి, చెవీ కావాలి. ఒకప్పుడు రచ్చబండ దగ్గరో రామాలయంలోనో రాత్రిళ్లు భారతం చదివేవారు. చదువు వచ్చినవాడు ఒక్కడుంటే ఊరంతా పద్దెనిమిది పర్వాలూ దాటేది. వానలు పడకపోతే విరాటపర్వం చదివించేవారు. వాన సంగతేమో గానీ, తిక్కన పద్యాలు రైతుల నోళ్లలో నిలవడానికి ఆ ఎండాకాలాలు కొంత సాయం చేసి ఉంటాయి. వినేవాళ్లు ఎదురుగా కూచున్నాక చదివేవాడు ఇవాళ మనసు బాగాలేదని మానెయ్యలేడు.

ఇది మన ఒక్కరి సొత్తూ కాదు. ఖురాన్‌కి ముప్ఫై భాగాలున్నాయి, రంజాన్ నెలకి సరిపోతాయి. ఏడు రోజుల పంపకం వాళ్లకీ ఉంది. సిక్కులు 1430 పుటల గురుగ్రంథ్ సాహిబ్‌ని వంతులవారీగా చదువుతూ సుమారు నలభై ఎనిమిది గంటల్లో ఎక్కడా ఆపకుండా ముగిస్తారు. యూదుల తాల్ముద్ 2711 పత్రాలు. రోజుకి ఒక పత్రం చొప్పున ప్రపంచంలో అందరం ఒకే రోజు ఒకే పత్రం చదువుదామని 1923లో మైర్ షపీరో అనే మతగురువు ప్రతిపాదించాడు. ఒక ఆవృత్తికి ఏడున్నరేళ్లు పడుతుంది, ఇప్పటికీ నడుస్తోంది.

మరి అటక మీది పెట్టెల మాట. టాల్‌స్టాయ్ 'యుద్ధము శాంతి'లో 361 అధ్యాయాలు, చాలామట్టుకు చిన్నచిన్నవి. రోజుకొకటి చదివితే ఏడాదికి అయిపోతుంది, పండగలకి సెలవు కూడా మిగులుతుంది. అది కార్తీకపురాణం పద్ధతి. ముప్ఫై అధ్యాయాలు, ముప్ఫై రోజులు, దీపం పెట్టాక ఒకటి. 'వేయిపడగలు' లాంటి దానికి ఆ పద్ధతి పనికిరాదని నా అభిప్రాయం. దాని లోకంలో మునిగి ఉండాలి, సెలవులు చూసుకుని నవాహంగా పట్టాలి. 'కన్యాశుల్కం' 1909 నాటి ప్రతిలో ఏడంకాలు, అచ్చంగా సప్తాహం. ఇంటిల్లిపాదీ పాత్రలు పంచుకుని రోజుకో అంకం పైకి చదివితే వారంలో అయిపోతుంది. గిరీశం వేషానికి ఇంట్లో పోటీ తప్పదు. లుబ్ధావధాన్లు మాత్రం పెద్దాయన నెత్తిన పడుతుంది. శ్రీపాదవారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' కూడా కళ్లతో కన్నా చెవులతో చదవాల్సిన పుస్తకమే.

అన్నిటికీ ఈ మందు పనిచెయ్యదు. కవిత్వ సంపుటాల్ని రోజుకిన్ని చొప్పున చదవడం నాకు నచ్చదు. నిఘంటువులూ విజ్ఞాన సర్వస్వాలూ పూర్తిచెయ్యాల్సినవి కావు. అసలు చిక్కు ఇంకొకటుంది. పారాయణ చేసేవాళ్లు పుస్తకాన్ని ఎంచుకోరు, అది ముందే ఎంపికై ఉంటుంది, ఏటేటా అదే. మన దొంతరలో ఏది ముందో ఏ మాహాత్మ్యమూ చెప్పదు. ఆ పని మనమే చెయ్యాలి, కాస్త నిర్దయగానే చెయ్యాలి. స్టాలు దగ్గర మొహమాటానికి కొన్నవి, ఆవిష్కరణ సభల్లో చేతిలో పెట్టినవి, పదేళ్ల కిందటి ఆసక్తితో కొన్నవి చదవకుండానే పంపెయ్యొచ్చు. మిగిలినవాటిలో ఒక్కదానికి ముహూర్తం పెట్టుకోవాలి. ఒక్కదానికే. ఒకే వారంలో రెండు సప్తాహాలు చేసే ఇల్లు నాకు తెలిసి లేదు.

ముగిశాక ఏం చెయ్యాలో భాగవతమే తన చివరి అధ్యాయంలో చెబుతుంది. భాద్రపద పౌర్ణమి నాడు బంగారు సింహాసనం మీద పెట్టి ఆ పుస్తకాన్ని దానమిచ్చెయ్యాలట. బంగారం మన వల్ల కాదు గానీ, చదివినదాన్ని మళ్లీ బీరువాలో కుక్కకుండా ఊళ్లో శాఖా గ్రంథాలయానికో, తర్వాత చదువుతానన్న స్నేహితుడికో ఇచ్చెయ్యడం మన వల్ల అవుతుంది. పెన్సిలు గీతలు చెరపనక్కర్లేదు. తీసుకున్నవాడికి ఎక్కడ ఆగాలో వెతుక్కునే పని తప్పుతుంది.