నల్లమల దారికి ముందు మిద్దె మెట్లు

మహాశివరాత్రి వస్తోందంటే ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలానికి అడవిదారిన జనం బారులు తీరతారు. ఆ గుంపుల్లో రైతులు, కూలీలతోపాటు నంద్యాల, ఆళ్లగడ్డ ఇళ్లలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు పనిచేసే కుర్రాళ్లూ ఉంటారు. భక్తికి లోటుండదు. కానీ ఆ దారిలో భీమునికొలను లోయలోకి మెట్లు దిగేటప్పుడే తొడలు వణుకుతాయి.

కైలాసద్వారం వైపు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. దిగడం అలా కాదు. ఒంటి బరువును ఆపుకుంటూ తొడ కండరం సాగాలి. అలవాటు లేని కండరానికి అదే పెద్ద దెబ్బ. ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు, మర్నాడో ఆ మర్నాడో మంచం దిగేటప్పుడు తెలుస్తుంది.

ఇంటి నుంచి పనిచేసే కుర్రాళ్లకు ఆ అలవాటు మరీ తక్కువ. ఆఫీసులోనూ కూర్చునే పనే కదా అనిపిస్తుంది. కానీ బస్టాపు దాకా నడక, క్యాంటీన్ మెట్లు, పక్క సీటు దాకా వెళ్లి మాట్లాడటం ఉండేవి. 2020 లాక్‌డౌన్‌తో పని ఇంటికొచ్చింది, ఇవన్నీ పోయాయి.

ఇలాంటి చిన్న కదలికల విలువ 1953లోనే లండన్‌లో బయటపడింది. డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బులు తక్కువని పరిశోధకుడు జెరీ మోరిస్ బృందం గుర్తించింది. డ్రైవర్ల నడుములు ఉద్యోగంలో చేరేనాటికే లావని యూనిఫాం కొలతలు చూసి తర్వాత ఆ బృందమే బయటపెట్టింది. తమ వాదనకే అడ్డొచ్చే లెక్కను దాచకపోవడం మెచ్చుకోదగ్గదే. మెట్ల మాట మాత్రం ఆ తర్వాతి పరిశోధనల్లోనూ నిలబడింది.

వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో కదలాలని, రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పది నిమిషాలకు తగ్గితే లెక్కలోకి రాదన్న పాత షరతునూ తీసేసింది. అంటే ఫోన్ మాట్లాడుతూ వరండాలో తిరిగినా లెక్కే, అన్నం తిన్నాక వీధి చివరిదాకా వెళ్లొచ్చినా లెక్కే. మన ఊళ్లలో మిద్దె లేని ఇల్లు తక్కువ, జిమ్ కోసం వెతకనక్కర్లేదు.

ఏడాదంతా కుర్చీకి అంటుకుపోయి, మూడు రోజులు అడవిలో నడిస్తే ఆ బాకీ తీరదు. వచ్చే శివరాత్రికి నడవాలనుకునేవాళ్లు కార్తీకంలోనే మొదలుపెట్టండి. రోజూ మిద్దె మెట్లు ఎక్కి దిగండి, దిగేటప్పుడు తొందరపడకండి. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోండి.