చిత్రకారుడికి విగ్రహం: బ్రూజ్‌లో వాన్ ఐక్

కమాన్‌పూర్ నుంచి గోదావరిఖనికి బస్సులో వెళ్లేటప్పుడు కూడళ్లలోని విగ్రహాలను మీరు చూస్తూనే ఉంటారు. అంబేడ్కర్ విగ్రహాన్ని పేరు చదవకుండానే గుర్తుపడతారు. చేతిలో పుస్తకం, ముందుకు చాచిన వేలు: ఆయన చేసిన పని ఆ రెండింటిలోనే తెలిసిపోతుంది. మరి చిత్రకారుడికి విగ్రహం పెడితే? కుంచె చేతికిస్తే వృత్తి తెలుస్తుంది, చిత్రం తెలియదు. ఈ చిక్కు ఎలాంటిదో బెల్జియంలోని బ్రూజ్ నగరంలో ఉన్న యాన్ వాన్ ఐక్ కంచు విగ్రహం ద్వారా పరిశీలిద్దాం.

వాన్ ఐక్ 15వ శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రకారుడు. 1425 నుంచి బర్గండీ ప్రభువు ఫిలిప్ కొలువులో పనిచేసి, 1441లో బ్రూజ్‌లో మరణించాడు. నూనెరంగులను ఆయనే కనిపెట్టాడని ఇటలీ రచయిత వాసరి రాసిన మాట చాలాకాలం చెల్లింది. అది నిజం కాదు. పలుచని రంగును పొరలు పొరలుగా వేసి వస్తువుల మెరుపును పట్టుకోవడం ఆయన అసలు గొప్పతనం.

విగ్రహాన్ని శిల్పి హెండ్రిక్ పికెరి రూపొందించగా 1878లో నెలకొల్పారు. అంటే చిత్రకారుడు పోయిన 437 ఏళ్లకు! బెల్జియం 1830లో స్వతంత్ర దేశమైంది. కొత్త దేశానికి పాత పెద్దలు కావాలి కదా. అదే ఊళ్లో మెమ్లింగ్ అనే మరో చిత్రకారుడికి 1871లోనే విగ్రహం లేచింది. దాని శిల్పి కూడా పికెరీయే. మన ట్యాంక్‌బండ్ విగ్రహాలను తలచుకోండి. 1980ల్లో నిలిపిన వాటిలో కొన్నింటిని 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌లో కూలదోశారు. గొడవ ఆ పెద్దలు చేసిన పని గురించి కాదు, ఎవరిని మనవాళ్లుగా ఎంచారన్నదాని గురించి.

ఇప్పుడు విగ్రహాన్ని వదిలి, బ్రూజ్‌లోనే ఉన్న గ్రూనింగె మ్యూజియంలోకి రండి. అక్కడ వాన్ ఐక్ 1436లో పూర్తిచేసిన పటం ఉంది. వాన్ డర్ పాలె అనే ముసలి మతాధికారి మరియమాత ఎదుట మోకరిల్లాడు. ముఖం నిండా ముడతలు, చేతిలో కళ్లజోడు. పక్కన కవచం తొడుక్కున్న సెయింట్ జార్జ్. ఆయన డాలు మీద, దగ్గరికి వెళ్లి చూస్తే తప్ప కనబడనంత చిన్నగా, ఒక మనిషి నీడ ప్రతిఫలిస్తుంది. అది చిత్రకారుడేనని చాలామంది పండితుల అభిప్రాయం.

తనను తాను అంత చిన్నగా, వెలుగులో ఒక మెరుపుగా వేసుకున్నవాణ్ని ఎత్తైన దిమ్మె ఎక్కించి, ఒకే రంగులో నిలబెట్టారు. ఆయన ముఖం ఎలా ఉండేదో ఖాయంగా చెప్పే చిత్రం కూడా లేదు. నగరానికి ఇది మంచి అలంకారమే, కానీ వాన్ ఐక్ కళ గురించి ఇది చెప్పేది చాలా తక్కువ. స్థలం మాత్రం బాగా కుదిరింది. కాలువ చివర, పాత సుంకం కచేరీ పక్కన నిలబెట్టారు. ఆయన చేత పటాలు వేయించుకున్నవారిలో ఆ ఊరికి వచ్చిన వర్తకులూ ఉన్నారు మరి.

అభ్యాసం: మీ ఊరి కూడలిలో ఒక విగ్రహం ఎదుట కాసేపు నిలబడండి. చేతిలో ఏముంది? ముఖం ఎటు తిరిగి ఉంది? దిమ్మె మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది విగ్రహమూర్తి పేరా, ఆవిష్కరించినవారి పేరా? ఒక పుటకు మించకుండా రాయండి.