నల్లజీడికి ఇటుకపొడి

నల్లజీడిని మందుగా మార్చడంలో అసలు పనితనం నూరడంలో కాదు, నూరే ముందు కనిపిస్తుంది. మామిడి, జీడిమామిడి కుటుంబానిదే ఈ చెట్టు. నల్లటి గింజ, దాని పెంకులో చిక్కటి నూనె. చాకిరేవులో బట్టలకు గుర్తులు పెట్టింది ఒకప్పుడు ఆ నూనెతోనే. ఎన్నిసార్లు ఉతికినా ఆ మరక వదలదు. ఒంటికి తగిలితే బొబ్బలెక్కి పుండు పడుతుంది. జీడిపప్పు ఒలిచే చేతులకు ఈ మంట సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కీళ్లనొప్పులకూ మూలశంకకూ ఆయుర్వేద వైద్యులు వాడేదీ ఈ గింజనే.

శుద్ధి చేసే పద్ధతులు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. గింజల్ని ముందు నీళ్లలో వేసి, తేలినవి పారేసి మునిగినవే ఉంచుకుంటారు. తొడిమ దగ్గరి టోపీ కోసేస్తారు. కొందరు కొన్నాళ్లు గోమూత్రంలో, కొన్నాళ్లు ఆవుపాలలో నానబెడతారు. నాకు ముచ్చటేసేది ఆ తర్వాతి అంకం. గింజల్ని ఇటుకపొడితో కలిపి మందపాటి గోనెసంచిలో మూటగట్టి రుద్దుతారు. పొడి గరుకుకు పెంకు గీసుకుపోతుంది, ఊరిన నూనెను ఆ పొడే పీల్చుకుంటుంది. గీసేదీ తుడిచేదీ ఒకటే వస్తువు! అదీ పెరట్లో దొరికే విరిగిన ఇటుక. పొడి తడిసి నల్లబడితే మార్చి, మళ్లీ రుద్ది, చివర వేడినీళ్లతో కడుగుతారు. పనిచేసేవాళ్లు చేతులకు కొబ్బరినూనె దట్టంగా పట్టిస్తారు.

ఇంతా చేసి, గింజలోని తీక్షణతను పూర్తిగా తీసేయరు. మొత్తం పోతే మందూ పోతుంది. ఎంత ఉంచాలో తెలియడమే నేర్పు.

ప్రాచీన ఆయుర్వేద ఆచార్యుడు చరకుడి జాగ్రత్త ఇంకా ముందే మొదలవుతుంది. వేసవిలో పండిన గింజల్ని ఏరి, యవల రాశిలోనో మినుముల రాశిలోనో నాలుగు నెలలు దాచి, మార్గశిర పుష్యాల చలిలో వాడకం మొదలుపెట్టమన్నాడు. వేడిచేసే మందుకు చలికాలం చూశాడన్నమాట. నీళ్లలో కాచి పాలు కలిపిన కషాయం తాగే ముందు నోటి లోపల నెయ్యి పూసుకోవాలి. మోతాదు రోజుకో గింజ చొప్పున పెంచి, మళ్లీ అలాగే దించాలి. పథ్యం పాలూ నెయ్యీ అన్నం. ఎండ, నిప్పుసెగ దరి చేరకూడదు. పిల్లలకు, గర్భిణులకు, పైత్యం ఎక్కువున్నవాళ్లకు ఇది ఇవ్వరు.

ఇదంతా చదివి ఇంట్లో ప్రయత్నిద్దామనుకుంటే మాత్రం వద్దు. మన దేశంలో 1945 నాటి ఔషధ నియమాలు ఆయుర్వేద విషద్రవ్యాల జాబితాలో నల్లజీడిని చేర్చాయి. అది కలిసిన, లోపలికి తీసుకునే మందు సీసా మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలి. కొనేముందు ఆ మాట వెతకండి.